ఈశాన్యంలో నల్లరాయి

రాజమండ్రి
జూలై 6

నాన్నగారికి,

నమస్కారం. తొమ్మిదేళ్ళ తరవాత రాస్తున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది. దీన్ని మాత్రం చింపకూడదని గట్టిగా అనుకుని కూర్చున్నాను.

నేను ఇక్కడ ఫ్రీమేసన్ల లాడ్జిలో చేరాను. గోదావరి గట్టుకి దగ్గరలో ఒక పాత మేడ ఉంది, ఊళ్ళోవాళ్ళు పుర్రె బంగళా అంటారు. అదే మా లాడ్జి. రకరకాల ఉద్యోగాలవాళ్ళం, మతాలవాళ్ళం నెలకొకసారి అక్కడ కలుస్తాం. ఎప్పుడో పరదేశాల్లో కోటలూ చర్చిలూ కట్టిన రాతిపనివాళ్ళ సంఘాల నుంచి వచ్చిన పద్ధతులని చెబుతారు. మూలమట్టం, రసమట్టం, తాడుకి వేలాడే గుండు, ఇవే మా గుర్తులు. వాటితో మేం గోడలు కట్టం. మనిషి తన నడత సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి గుర్తుగా పెట్టుకున్నాం. మీకు నవ్వొస్తుందని తెలుసు. తాపీ పట్టనని మీతో పోట్లాడి డిప్లొమా చదివి ఇంజనీరునైనవాణ్ణి.

చేరే రోజున లోపలికి పంపే ముందు నన్ను ఒక చిన్న గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. బల్ల మీద ఒక కొవ్వొత్తి, ఒక ఇసక గడియారం, ఒక పుర్రె, పెన్ను, కాగితం. కాగితం మీద ఒకటే ప్రశ్న. 'ఈ రోజే నీ ఆఖరి రోజైతే, చెయ్యకుండా మిగిలిపోయిన పని ఏది?' చాలామంది పేజీ నిండా రాస్తారట. నేను రెండే మాటలు రాశాను. 'నాన్నకి ఉత్తరం.'

అది మార్చిలో. ఇప్పుడు జూలై. పుర్రె ఎదురుగా ఉన్నప్పుడు వచ్చిన ధైర్యం ఇంటికొచ్చాక ఉండదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. పల్లంరాజు గారి రైసుమిల్లు గోడౌను గోడ మీద నేనిచ్చిన రిపోర్టుకి క్షమాపణ చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. ఆ గోడ వాలింది. ప్రభుత్వ ధాన్యం నిల్వకి పనికిరాదు, పడగొట్టాలి అని రాశాను. మీరు కట్టిన గోడని తెలిసే రాశాను. అది తప్ప మిగతా అన్నిటికీ నన్ను క్షమించండి. మిల్లు కూలీలందరి ముందూ 'నా గుమ్మం తొక్కకు' అన్నారు. తొక్కలేదు. ఉత్తరానికి కాళ్ళు ఉండవు కనక పంపుతున్నాను.

మీ ఆరోగ్యం ఎలా ఉంది?

నిరంజన్


పెనుగొండ
జూలై 11

నా తండ్రి, నా బంగారు కొండ నిరంజన్‌కి, మీ నాన్న వీరవెంకటసత్యనారాయణ పట్టరాని సంతోషంతో రాసుకున్నది.

నాయనా, నీ ఉత్తరం నిన్న పదకొండింటికి వచ్చింది. పోస్ట్‌మాన్ 'సత్యం మేస్త్రీగారూ' అని కేకేస్తే పింఛను కాగితమేమో అనుకుని నింపాదిగా వెళ్ళాను. కవరు మీద నీ రాత చూసి అరుగు మీదే కూలబడ్డాను. పాపం అతను కంగారుపడి మంచినీళ్ళు తాగించాడు. ముందు అతనికే చదివి వినిపించాను. తరవాత మీ అమ్మకి. తరవాత ఎదురింటి పాపాయి పిన్నికి. పిన్నికి చెవుడు కదా, గట్టిగా చదవాల్సి వచ్చింది, దాంతో వీధి వీధంతా వినేసింది. మొత్తం ఏడుసార్లు చదివాను. ఏడోసారికి కళ్ళజోడు అక్కర్లేకపోయింది.

ఒరేయ్, నువ్వు ఏప్రన్ కట్టుకుంటావంటగా. రిటైరైన లెక్కల మాస్టారు చెప్పాడు, ఆ సంఘంవాళ్ళు తెల్లతోలు ఏప్రన్ కట్టుకుంటారని. నలభై ఏళ్ళు నేను నడుముకి గోనెసంచి కట్టుకుని పనిచేస్తే 'నాన్నా, స్కూలుకి అలా రాకు' అన్నావు. ఇప్పుడు నువ్వు కోటు మీద ఏప్రను కట్టుకుని, గుండు పట్టుకుని, పదిమంది ఆఫీసర్ల మధ్యన నిలబడ్డావని తలుచుకుంటే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. దెప్పడం లేదురా. సంతోషం. నా పనిముట్లకి పీట వేసి మర్యాద చేసే చోటు ఒకటుందని డెబ్భై నాలుగేళ్ళకి తెలిసింది. ఆ సంఘం రహస్యాలు నాకు చెప్పకు. మేస్త్రీలకీ రహస్యాలున్నాయి, ఇల్లుగలవాళ్ళకి మేమూ చెప్పం.

ఆ ఇసక గడియారంలో ఇసక ఏ రేవుదో కనుక్కో. మన గోదారి ఇసకైతే సన్నం, తొందరగా జారిపోతుంది. మనిషికి తక్కువ టైము చూపిస్తుంది. కృష్ణ ఇసక వెయ్యమను, ఇంకో రెండు నిమిషాలు బతకనిస్తుంది.

ఫోను చెయ్యకు. ఫోనులో మనం నాలుగో నిమిషానికి అరుచుకుంటాం. ఉత్తరంలో అయితే అరిచినా వినపడదు.

మీ అమ్మ సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ళుగా నెలకోసారి రాజమండ్రి వెళ్ళి పళ్ళ డాక్టరుకి చూపించుకుంటోంది. ఆవిడకున్నవి పదకొండు పళ్ళు. వాటికి తొమ్మిదేళ్ళు వైద్యం చేసిన డాక్టరు ఎవరో గాని మహానుభావుడు. పోయినేడు ఆవిడ సంచిలో ఒక బొమ్మ కాగితం దొరికింది, చిన్నపిల్ల గీసిన ఇల్లు, కింద 'హారతి' అని. మనవరాలి పేరు అలా తెలిసింది. ఆ ఇంటికి కిటికీ కన్నా తలుపు చిన్నదిగా ఉంది. పిల్లకి ఎవరైనా చెప్పండి. ఈ సంగతి నాకు తెలుసని మీ అమ్మకి తెలీదు. ఆవిడ ప్రయాణాలు పాడుచెయ్యకు.

ఇంక ఆ గోడ. ఆ మాట ఎత్తకపోతే బాగుండేది, ఎత్తావు కనక చెబుతున్నాను. గోడ ఆనాడు నిటారుగానే ఉంది. నా చేత్తో కట్టాను, నాకు తెలుసు. సరే, వదిలెయ్. ఈ రోజు గోడ రోజు కాదు, ఉత్తరం రోజు.

కోడలికీ పిల్లకీ నా ఆశీస్సులు. వెంటనే రాయి. పోస్ట్‌మాన్ కూడా ఎదురు చూస్తున్నాడు.

మీ నాన్న


రాజమండ్రి
జూలై 28

నాన్నగారికి,

మీ ఉత్తరం మీ కోడలు ఇంద్రజ పైకి చదివింది. పళ్ళ డాక్టరు దగ్గరకొచ్చేసరికి చదవలేక నాకిచ్చేసింది, నవ్వు ఆగక. హారతి తలుపు పెద్దది చేసి మళ్ళీ గీసింది. ఇప్పుడు తలుపు ఇంటికన్నా పెద్దదిగా ఉంది. అది ఈ కవరులో పెడుతున్నాను.

ఇసక ఏ రేవుదని మా లాడ్జి మాస్టరు జోగేశ్వరరావు గారిని నిజంగానే అడిగాను. ఆయన కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. 'నలభై ఏళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదయ్యా' అని ఆశ్చర్యపోయారు. పుర్రె మాత్రం ప్లాస్టరుదే, భయపడకండి.

ఇప్పుడు ఒక చిక్కొచ్చింది. మా హాలు మధ్యన చదరంగం బల్లలాగా నలుపూ తెలుపూ రాళ్ళ నేల ఉంది. నల్లది కడప రాయి, తెల్లది పాలరాయి, ఒక్కొక్కటీ అడుగు చదరం. మనిషి బతుకులో మంచీ చెడూ, పుట్టడం పోవడం పక్కపక్కనే ఉంటాయనీ, ఒకదాని మీద అడుగేశాక రెండోదాని మీద వెయ్యకుండా ఎవరూ దాటలేరనీ దానికి అర్థం చెబుతారు. కొత్తగా చేరినవాణ్ణి మొదట నిలబెట్టేది దాని ఈశాన్యం మూలనే. మన శంకుస్థాపన ఈశాన్యంలో చేసినట్టే అనుకోండి.

ఆ మూల నేల కుంగింది. బాగుచెయ్యమని వెంకటరాజు అనే కాంట్రాక్టరుకి చెప్పి మేమెవరం దగ్గరుండలేదు. వారం తరవాత వెళ్ళి చూస్తే ఈశాన్యం మూల తొమ్మిది గళ్ళూ తెల్లవే. చదరంగం బల్లకి ఒక మూల సున్నం కొట్టినట్టుంది.

'ఇదేంటండీ రాజుగారూ' అన్నాను.

'ఈశాన్యంలో నలుపేంటండి బాబూ. ఎవడు చెప్పాడో గాని మీకు వాస్తు తెలియని మనిషి చెప్పాడు. నల్లవి పీకేసి, మంచి పాలరాయి మా ఇంటి పూజగదికి కొన్నది తెచ్చి వేశాను. డబ్బులు కూడా అడగను. మీ అందరి పిల్లలూ చల్లగా ఉండాలి.'

అంత ప్రేమగా చెడగొట్టినవాణ్ణి ఏమనగలం? ఆ రాళ్ళు కూడా మట్టంగా కూర్చోలేదు, నడిస్తే ఒక మూల ఎగురుతున్నాయి. రాజమండ్రిలో ఇంకో ఇద్దర్ని అడిగాం. ఈశాన్యం అనగానే చేతులు వెనక్కి తీసుకున్నారు. నవంబరులో కొత్తవాడు ఒకాయన చేరుతున్నాడు. అప్పటికి ఆ మూల సిద్ధం కావాలి.

మీరు వచ్చి వేస్తారా నాన్నగారూ? రాళ్ళు నేను తెప్పిస్తాను. ఉండడానికి మా ఇల్లుంది.

నిరంజన్


పెనుగొండ
ఆగస్టు 3

వెయ్యేళ్ళు బతకవలసిన నా కొడుక్కి, చేతులు దురదపెడుతున్న మేస్త్రీ రాసేది.

రాజమండ్రిలో ఇంకెవరూ దొరకలేదా? అబద్ధాలాడడం నీకు చిన్నప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఆ ముక్క చదివి మీ అమ్మకి కనబడకుండా పెరట్లోకి వెళ్ళి నూతిగట్టు మీద కూర్చుని కాసేపు కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ వెనకే వచ్చి 'ఏంటండీ, ఉల్లిపాయలు నేను కదా తరుగుతున్నది' అంది.

వెంకటరాజుని ఏమీ అనకు. మంచివాడు. పూజగది రాయి తెచ్చి వేశాడంటే మాటలా. నేను మాత్రం ఈశాన్యంలో నలుపు ఎప్పుడైనా వేశానా? లేదు. మా నాన్న వెయ్యద్దన్నాడు, నేను వెయ్యలేదు. మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. నాకు తోచింది చెబుతాను, ఏడో క్లాసు చదువుకి తోచినంత.

నేను కట్టిన ఇళ్ళు రెండొందల పైన. అన్నిట్లోనూ ఈశాన్యం తెల్లగా, తడిగా, శుభ్రంగా ఉంచాను. అయినా అందులో ఉన్నవాళ్ళు పోవలసినప్పుడు పోయారు. ఎనభై ఆరు వరదకి ముందు గోదారి మధ్య లంకలో ఒక రైతుకి ఇల్లు కట్టాను, తెలుసుగా. నేను కట్టినవాటిలో అందమైంది అదే. ఈశాన్యంలో నుయ్యి, ఆగ్నేయంలో వంటిల్లు, అంతా పద్ధతి ప్రకారం. వరద తీశాక చూద్దామని వెళితే ఇల్లే కాదు, లంకే లేదు. పడవవాడు తెడ్డు ఆపి 'మేస్త్రీగారూ, ఇప్పుడు మనం మీ వంటింటి మీదున్నామండి' అన్నాడు. ఆ రైతు కూడా పడవలోనే ఉన్నాడు. అతనే 'అయితే ఇక్కడే ఒక ముద్ద తిందాం' అని మూట విప్పాడు. ముగ్గురం వంటింటి మీద కూర్చుని చద్దన్నం తిన్నాం. అంత రుచైన అన్నం నేను మళ్ళీ తినలేదు.

నీకు పుర్రె చూపించి చెప్పిన మాట నాకు గోదారే చెప్పింది, అంతే తేడా. కట్టింది ఉండదు. ఉండదని తెలిసీ నిటారుగా కట్టాలి, ఎందుకంటే ఉన్నన్నాళ్ళూ దాని పక్కన మనుషులుంటారు. పోయేదానికి ఇంత శ్రద్ధ ఎందుకని ఎప్పుడూ అనిపించలేదు. పెళ్ళిభోజనానికి ముగ్గెయ్యడం లేదూ, అందరూ తొక్కేదే కదా.

కాబట్టి నల్లరాయి నేను వేస్తాను. నాకేం భయం లేదు.

కాని ఒక్క ముక్క. నేను మీ ఇంటికి రావాలన్నా, నువ్వు నా గుమ్మం ఎక్కాలన్నా, మధ్యలో ఆ గోడ ఉంది. నలభైమంది కూలీల ఎదుట నువ్వు గుండు వేలాడదీసి, పదడుగులకి అంగుళంన్నర వాలిందన్నావు. నాకు రిపోర్టు మార్చి ఇవ్వనక్కర్లేదు. గోడ ఎలాగూ లేదు. ఒక చిన్న కాగితం మీద 'ఆ రోజు గాలికి గుండు ఊగింది' అని రాసి పంపు చాలు. గాలి మీద తోసేద్దాం. నీకూ తప్పు లేదు, నాకూ తప్పు లేదు. గాలి ఏమీ అనుకోదు.

ఆ ముక్క రాగానే మర్నాటి బస్సెక్కుతాను. తాపీ నూనె రాసి సిద్ధంగా పెట్టాను.

మీ నాన్న

హారతి బొమ్మ గోడకి అంటించాను. తలుపు పెద్దదైతే మంచిదే, అందరూ పడతారు.


రాజమండ్రి
ఆగస్టు 12

నాన్నగారికి,

ఆ రోజు గాలి లేదు.

మీరు అడిగింది చిన్న ముక్కే. పెన్ను పట్టుకుని రెండు రోజులు చూశాను. రాస్తే మీరు వస్తారు. హారతి మిమ్మల్ని చూస్తుంది. అమ్మ పళ్ళ డాక్టరు అబద్ధం మానేస్తుంది. అయినా రాయలేకపోయాను. గుండు ముందు నిలబడి నిటారుగా ఉంటానని మాటిచ్చి, ఇంటికొచ్చి అదే గుండు ఊగిందని మా నాన్నకి అబద్ధం రాస్తే, ఇంక అక్కడికి వెళ్ళి ఆ ఏప్రన్ కట్టుకోవడం దేనికి?

ఇంకేదైనా అడగండి. కాళ్ళు పట్టుకోమంటే మిల్లు దగ్గరకే వచ్చి పట్టుకుంటాను. గాలి మాత్రం అడగకండి.

మీరు రాకపోయినా ఈశాన్యం మూల మీ కోసం అలాగే ఉంచమని జోగేశ్వరరావు గారికి చెప్పాను.

నిరంజన్


రాజమండ్రి, మీ బంగళాలో చిన్న గది
సెప్టెంబరు 30, మధ్యాహ్నం

నిరంజన్‌కి, మీ పుర్రెగారి పక్కన కూర్చుని నాన్న రాస్తున్నది.

నెలన్నర ఉత్తరం రాయలేదు. పోస్ట్‌మాన్ నన్ను చూసి తల దించుకుని పోతున్నాడు. మీ అమ్మ మాట్లాడ్డం మానేసింది. ఏం చెయ్యాలో తోచక పొద్దున్నే బస్సెక్కి, కొవ్వూరు మీదుగా బ్రిడ్జి దాటి వచ్చేశాను. నీకు చెప్పలేదు. నీ ఇంటి వైపు రాలేదు. నేల కొలతలు తీసుకుని పోదామని నాకు నేనే చెప్పుకున్నాను.

బంగళా ఊడ్చే రత్తమ్మ గేటు తీసింది. 'నిరంజన్ సారు నాన్నగారా? చెప్పకపోయినా తెలుస్తుందండి, నడక అదే' అంది. హాల్లో ఆ మూల చూశాను. వెంకటరాజు తొమ్మిది రాళ్ళలో అయిదు ఎగుడుదిగుడు. అడుగున ఇసక దిమ్మిసాతో కొట్టి సరిగ్గా గట్టిచెయ్యలేదు. కొలతలు రాసుకున్నాను. పని అయిపోయింది, లేచి వెళ్ళిపోవాలి. వెళ్ళకుండా 'ఆ పుర్రె ఏదమ్మా' అన్నాను.

'రండి చూద్దురుగాని. పట్టపగలేగా, భయం లేదు. వారంవారం నేనే తుడుస్తాను. పళ్ళ సందుల్లో బూజు పడుతుందండి, వెధవది.'

తలుపు తీసి కూర్చోమని, తను టీ తేవడానికి వెళ్ళింది. పనితనం బాగుందిరా. ప్లాస్టరు ఎక్కడా పొక్కలేదు. పళ్ళు ముప్ఫై రెండూ ఉన్నాయి, మీ అమ్మ చూస్తే కుళ్ళుకుంటుంది. కాసేపు నవ్వుకున్నాను. తరవాత నవ్వు ఆగిపోయింది. ఈయనకి చెవుల్లేవు, ఎవరికీ చెప్పడు. చెప్పేద్దామనిపించింది. ఈయనకి చెప్పినట్టే నీకు రాస్తున్నాను.

ఆ రోజు గాలి లేదు.

గోడ వాలింది. నువ్వు గుండు వెయ్యక ముందే నాకు తెలుసు. గోడ కట్టే నాటికే నా రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. తాడు కనబడేది కాదు. 'మేస్త్రీకి చూపు పోయింది' అంటే ఇంక ఎవరూ పిలవరని ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా. తాడు చూసినట్టు నటించి, చేతి అలవాటు మీద కట్టుకుపోయాను. ఎనిమిదడుగులొచ్చాక అరచెయ్యి ఆనించి చూశాను. తేడా చేతికి తగిలింది. అప్పుడైనా ఆపాలి. ఆపితే ఎందుకని అడుగుతారు. ఆపలేదు, ఇంకో రెండడుగులు లేపాను.

ఆ గోడ నీడలో మధ్యాహ్నం పూట కూలీలు నడుం వాల్చడానికి చోటుంది. నాకది తెలుసు. నాయనా, అది పడి ఉంటే? నువ్వు దాన్ని పడగొట్టించి నన్ను కాపాడావు. నేను నిన్ను గుమ్మం తొక్కకన్నాను.

మరుసటేడు క్యాంపులో కళ్ళకి ఆపరేషను చేయించుకున్నాను. కట్టు విప్పిన వారానికే మిల్లుకి వెళ్ళాను, నా గోడని ఒకసారి సరైన కళ్ళతో చూద్దామని. అప్పటికే కొత్త గోడ లేచింది. ఎవరు కట్టారో గాని నిటారుగా ఉంది. ఇంక నా దగ్గర గోడా లేదు, కొడుకూ లేడు, అబద్ధం ఒక్కటే మిగిలింది. దాన్నే జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను.

రాశాక తేలిగ్గా ఉంది. విచిత్రం, ఆకలి కూడా వేస్తోంది. రత్తమ్మ టీ తెచ్చింది, ఈ కాగితం ఆవిడ చేతికిచ్చి పోతాను. నిన్ను ఎదురుగా చూసే ధైర్యం ఈ పూటకి లేదు. నాలుగింటి బస్సుకి వెళుతున్నాను.

నాన్న


రాజమండ్రి
అక్టోబరు 1

నాన్నగారికి,

నిన్న రత్తమ్మ ఆఫీసుకే వచ్చి మీ కాగితం ఇచ్చింది. చదివి బస్‌స్టాండుకి పరిగెత్తాను. పెనుగొండ బస్సు గేటు దాటుతోంది. కిటికీలో మీ తల కనబడింది. చేతిలో అరటిపళ్ళు, తింటున్నారు. పిలవలేదు. తిననిద్దామనిపించింది.

మీరు ఒకటి చెప్పారు, నేనూ ఒకటి చెప్పాలి. మీ కళ్ళ సంగతి నాకు తెలుసు. తనిఖీకి వచ్చిన ఏడాది ఉగాదికి మీరు పచ్చడిలో వేపపువ్వు అనుకుని టీపొడి వేశారు. అందరం నవ్వాం, నేను మాత్రం గమనించాను. మిల్లుకి వచ్చే ముందు రోజు రాత్రి మన ఇంట్లోనే పడుకున్నాను. 'నాన్నా, రేపు నేనే తనిఖీకి వస్తున్నాను, గోడ ఎలా ఉంది' అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు. కొత్త ఉద్యోగం, జేబులో కొత్త గుండు, చుట్టూ నలభైమంది. మా నాన్న పని కూడా వదలనివాడినని అందరూ చూడాలనుకున్నాను. రిపోర్టు ఒప్పే. ఆ రోజు నేను గుండు పట్టుకున్న తీరు ఒప్పు కాదు. మొదటి ఉత్తరంలో 'మిగతా అన్నిటికీ' అని రాసింది దీన్ని దాచడానికే.

వచ్చే నెల పదో తేదీ నుంచి మూడు రోజులు సెలవు పెట్టాను. రాళ్ళు వచ్చాయి. సిమెంటు నేను కలుపుతాను. తాపీ ఎలా పట్టుకోవాలో కూడా చెబుదురుగాని, ఈసారి పోట్లాడను. అమ్మని కూడా తీసుకురండి. పళ్ళకి చూపిద్దాం.

నిరంజన్


పెనుగొండ
నవంబరు 14, శుక్రవారం సాయంత్రం

నా కొడుక్కి, నా కోడలికి, తలుపులు పెద్దవి గీసే నా మనవరాలికి, మీ ఇంటి నుంచి నిన్ననే వచ్చినవాడు రాస్తున్నాడు.

నిన్న కదా చూసుకున్నాం, మళ్ళీ ఉత్తరం ఏంటంటావు. నోటితో చెబితే మధ్యలో మీ అమ్మ అందుకుంటుంది, అందుకు.

ముందు నువ్వు లేనప్పుడు జరిగింది చెబుతాను. రెండో రోజు నువ్వు హారతిని స్కూలుకి దింపడానికి వెళ్ళినప్పుడు వెంకటరాజు వచ్చాడు. మూల దగ్గర నిలబడి, నేను నల్లరాయి కూర్చోబెడుతుంటే చూసి 'మేస్త్రీగారూ, మీరు పెద్దవారు, మీరు కూడానా అండి' అన్నాడు.

'రాజుగారూ, తెల్లరాయి పక్కన తెల్లరాయి వేస్తే అతుకు ఎలా ఉన్నా తెలీదండి. నల్లదాని పక్కన తెల్లది వేస్తే దారమంత తేడా కూడా దొరికిపోతుంది. అందుకే మీరు తెల్లవన్నీ ఒకచోట వేశారేమో' అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి, చొక్కా చేతులు మడిచి, నా పక్కన గొంతుక్కూచున్నాడు. ఎనిమిదో రాయి ఆయన వేసిందే. నీకు చెప్పొద్దన్నాడు. నువ్వు కలిపిన సిమెంటులో నీళ్ళెక్కువయ్యాయని కూడా అన్నాడు. అది నేనూ గమనించాను, కొడుకువని ఊరుకున్నాను.

సాయంత్రం జోగేశ్వరరావు గారు నన్ను పక్కకి పిలిచి 'మీలాంటి అసలు మేస్త్రీ మాలో ఒక్కరూ లేరండి, మీరూ చేరరాదూ' అన్నారు. చాలా సంతోషం వేసింది. నేను చెప్పాను, 'ఆ గదిలో కాగితం మీద ప్రశ్న ఉంది కదండీ, దానికి నా జవాబు ఒకటి ఉంది. రాయడం కాదు, చెయ్యాలి. అది చేసి వస్తానండి' అని.

ఈ మధ్యాహ్నం అది చేశాను.

పన్నెండున్నరకి పల్లంరాజు గారి మిల్లుకి వెళ్ళాను. కూలీలు అన్నాలు తిని నీడలో కూర్చునే వేళ చూసుకునే వెళ్ళాను. ఆనాటివాళ్ళు ఓ పాతికమంది ఉన్నారు. పల్లంరాజు గారు కూడా బయటికొచ్చారు. మధ్యలో నిలబడ్డాను. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని చెప్పాను.

'ఏవండీ, తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడ నా కొడుకుని మీ అందరి ముందూ తిట్టాను. వాడు చెప్పింది నిజం. ఆ గోడ వంకరే. నా కళ్ళు కనబడలేదు, దాచాను. వాడు దాన్ని పడగొట్టించడం వల్ల మీరూ నేనూ బాగున్నాం. ఇది మీ అందరి ముందే చెప్పాలని వచ్చాను.'

అప్పుడు ముసలి సూరమ్మ, బియ్యం చెరిగే ఆవిడ, చేట పక్కన పెట్టి అంది: 'ఆ గోడ వంకరని మాకెందుకు తెలీదు మేస్త్రీ? దాని కింద మేం ఒక్క పూటైనా పడుకున్నామా? అందరం పడమటి గోడ పక్కనే పడుకునేవాళ్ళం. మీరు బాధపడతారని చెప్పలేదు.'

పాతికమందీ నవ్వారు. పల్లంరాజు గారు నవ్వారు. 'నాకూ తెలుసు సత్యం, నువ్వు మానేస్తే మళ్ళీ నీలాంటి మేస్త్రీ దొరకడని ఊరుకున్నాను' అన్నారు. తొమ్మిదేళ్ళు నేను ఊరందరి దగ్గరా దాచినదాన్ని ఊరందరూ నా దగ్గర దాచారు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. సూరమ్మ తన పమిటచెంగుతో నా మొహం తుడిచి 'కొడుకు వస్తున్నాడా?' అంది. 'ఆదివారం' అన్నాను. 'అయితే ఏడవడానికి ఇంకా రెండు రోజులుంది, ఇప్పుడు కాస్త అన్నం తినండి' అని తన గిన్నె జరిపింది. వంకాయ కూర.

ఇంటికొచ్చాక గుమ్మం కడిగాను. మీ అమ్మ చేస్తానంది, నేను చెయ్యనివ్వలేదు. తొక్కొద్దని అన్న నోరు నాది కాబట్టి కడిగే చెయ్యీ నాదే కావాలి. పసుపు మాత్రం ఆవిడ రాస్తానంది, సరే అన్నాను. కొత్తవాడెవరో ఇరవయ్యో తేదీన ఆ ఈశాన్యం మూల నిలబడతాడు, ఆయన కాలికింద తెలుపూ నలుపూ రెండూ గట్టిగా ఉంటాయి. వందేళ్ళు ఉంటుందని చెప్పను. ఆయన నిలబడినంతసేపు కదలదు, అది మాత్రం రాసిస్తాను.

ఈ ఉత్తరం రేపు పోస్టు చేస్తాను. సోమవారం గాని మీ ఇంటికి చేరదు. అప్పటికి మీరు ముగ్గురూ ఇక్కడే ఉంటారు. మీ తలుపుకి తాళం వేసి ఉంటుంది, ఇది గడప దగ్గర పడి ఉంటుంది.

ఉండనీ. తొందరేం లేదు.

మీ నాన్న